గుండె ఎకో: ముందు బొమ్మ మీద, తరువాత మనిషి మీద



"మొన్ననే ఈసీజీ తీశారు కదా సిస్టరమ్మా, మళ్ళీ ఎకో ఎందుకు?" అని ఓపీలో చాలామంది మమ్మల్ని అడుగుతుంటారు. ఈసీజీ గుండెలోని విద్యుత్తును కాగితం మీద గీస్తుంది. ఎకో గుండె కదలికనే చూపిస్తుంది. వాల్వులు సరిగా తెరుచుకుంటున్నాయా, కండరం గట్టిగా ముడుచుకుంటోందా, చుట్టూ నీరు చేరిందా అన్నది అందులో తెలుస్తుంది. చెవికి వినబడని శబ్దాన్ని, సెకనుకు సుమారు 20 నుండి 50 లక్షల సార్లు కంపించేదాన్ని, లోపలికి పంపి తిరిగి వచ్చే ప్రతిధ్వనితో బొమ్మ గీస్తారు. ఎక్స్‌రే కిరణాలుండవు కనుక గర్భిణులు కూడా భయపడనక్కరలేదు. 1953లో స్వీడన్‌లోని లుండ్ నగరంలో డాక్టర్ ఎడ్లర్, భౌతిక శాస్త్రవేత్త హెర్ట్జ్ కలిసి దీనికి నాంది పలికారు. మన నాంపల్లిలో 1997లో డాక్టర్ బి. సోమరాజు గారి బృందం కేర్ ఆసుపత్రిని ప్రారంభించింది గనుక ఈ వీధుల వారికి ఎకో పేరు కొత్త కాదు.

కాని ఈ పరీక్ష చేసే చేతికి చాలా సాధన కావాలి. శబ్దం ఎముకను, గాలిని దాటి పోలేదు. ముందు పక్కటెముకలు, పక్కన గాలి నిండిన ఊపిరితిత్తులు. ఆ సందులోంచే చూడాలి. అందుకే జెల్లీ రాసి, ఎడమ పక్కకు తిరిగి పడుకోమంటాం. ప్రోబ్ కాస్త వాలితే బొమ్మ మారిపోతుంది.

చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి మైట్రల్ వాల్వు సన్నబడిన తల్లి, నెలలు నిండి ఆయాసంతో వస్తుంది. ఆమె పది నిమిషాలు కూడా పడుకోలేదు. నేర్చుకునేవారు ఆమె మీద తడుముకోవడం న్యాయమా?

దీనికే ఇప్పుడు కంప్యూటర్ సిమ్యులేటర్లు వచ్చాయి. తెర మీద ఒకవైపు గుండె నమూనా, దాన్ని ప్రోబ్ ఎక్కడ కోస్తున్నదో చూపే పలక; రెండోవైపు ఎకోలో కనబడే నలుపు తెలుపు బొమ్మ. కొన్నిటికి మనిషి ఛాతీ లాంటి బొమ్మ, ఉత్తుత్తి ప్రోబ్ కూడా ఉంటాయి. లండన్ వైద్యుల హార్ట్‌వర్క్స్ అలాంటిదే. టొరంటో జనరల్ ఆసుపత్రి వారు కంప్యూటర్‌లోనే సాధన చేసేది ఉచితంగా అందించారు. అరుదైన జబ్బును కూడా నూరుసార్లు చూడవచ్చు, ఎవరికీ నొప్పి లేదు.

అయినా మా మాట ఒకటి. బొమ్మకు ఆయాసం రాదు, చలి వేయదు, రవిక విప్పడానికి సిగ్గుపడదు. దుప్పటి కప్పడం, తోడుగా ఆడమనిషిని నిలబెట్టడం ఏ సాఫ్ట్‌వేరూ నేర్పదు. అది వార్డులో పెద్ద సిస్టర్ల దగ్గరే నేర్చుకోవాలి.

మీకు పరీక్ష చేసేవారు విద్యార్థులైతే, పక్కన పెద్ద డాక్టరు ఉన్నారా అని అడగండి. వద్దనుకుంటే వద్దని చెప్పండి, ఎవరూ కోపగించుకోరు.

రిపోర్టులో ఈఎఫ్ 60 శాతం అని చూసి "గుండె 60 శాతమే పనిచేస్తోంది" అని ఏడ్చినవారున్నారు. ప్రతి కొట్టుకోవడంలో గుండె తన రక్తమంతా బయటకు నెట్టదు. 55 నుండి 70 వరకు మామూలే.

మామూలు ఎకోకు పరగడుపున రానవసరం లేదు, రోజువారీ మాత్రలు మానవద్దు. పాత రిపోర్టులు తప్పక తెండి. కీళ్ళ జ్వరానికి మూడు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ వాడుతున్న పిల్లలుంటే, ఆ కార్డు కూడా తీసుకురండి.