అగస్త్యుడు కనబడని ఆకాశము

కంప్యూటరు తెరపై ఆకాశమును చూపు స్టెల్లేరియం అను ఉచిత ప్రోగ్రామును మన విద్యార్థులు ఎరుగుదురు. దీనిని 2001లో ఫ్రాన్సు దేశీయుడగు ఫాబియన్ షెరో ప్రారంభించెను. దూరదర్శిని లేని మన బడికి ఇది గొప్ప ఆసరా. అయితే ఆకాశమున ఉన్నది తెరపై లేనప్పుడు ఏమి చేయవలయును?

ఒక ఫిబ్రవరి మాసమున ఎనిమిదవ తరగతి బాలిక యొకతె, తెరపై కాలమును రాత్రి 9 గంటలకు నిలిపి, అగస్త్య నక్షత్రమును వెదకినది. లుబ్ధకము చక్కగా వెలుగుచున్నది. దానికి దక్షిణమున ఉండవలసిన అగస్త్యుడు లేడు. “మా అమ్మమ్మ ఏటేటా చూపిస్తుందండీ” అని ఆమె అనెను. ఆ పెద్దమ్మ మరియొక చుక్కను చూచి పొరబడి యుండునని మేము యంత్రము పక్షమే వహించితిమి. తొందరపడితిమి.

మరునాడు ‘జి’ అక్షరపు మీట నొక్కి చూచితిమి. అది తెరమీది నేలను తొలగించును. అగస్త్యుడు క్షితిజమునకు దిగువన వెలుగుచుండెను! మన ఊర ఆ వేళకు అట్లుండుట అసంభవము. ధ్రువ నక్షత్రముపై నొక్కగా దాని ఎత్తు సుమారు 49 డిగ్రీలని వచ్చినది. ధ్రువుని ఎత్తు ఇంచుమించుగా ఆ స్థలపు అక్షాంశమునకు సమానమని మీరు చదివియున్నారు గదా. హోసూరులో అది 13 డిగ్రీల దగ్గర ఉండవలెను. 49 పారిస్ నగరమునకు చెల్లును. మనమున్న చోటు తెలియక ప్రోగ్రాము తన పుట్టినింటికి పోయినదన్నమాట! అగస్త్యుడు ఖగోళ మధ్యరేఖకు 52.7 డిగ్రీల దక్షిణమున నుండుటచే పారిస్ వారికి ఎన్నడును ఉదయింపడు. ఎఫ్ 6 మీటతో స్థలమును హోసూరుగా మార్చితిమి. 90 నుండి 52.7ను, మన అక్షాంశము 12.7ను తీసివేసి చూడుడు. ఆ 25 డిగ్రీల ఎత్తుననే అగస్త్యుడు నిలిచెను. బాలికను పిలిచి చూపి, పొరబడినది మేమేయని అమ్మమ్మగారికి చెప్పుమంటిమి.

పాలపుంత సంగతి వేరు. అది లేదని వచ్చువారిని ముందుగా ‘ఎ’ అక్షరపు మీటతో వాయుమండలమును తొలగించి చూడుమందుము. అప్పుడు కనబడినచో పగటి వెలుగో, చంద్రుడో, ఊరి దీపముల కాంతియో దానిని కప్పినదని అర్థము. ఎఫ్ 4 మీటతో తెరచుకొను పట్టికలో కాంతి కాలుష్యపు అంకెను తగ్గింపవచ్చును. కాని మన వీధిదీపముల నడుమ నిలిచినవారికి నిజముగనే పాలపుంత కనబడదు. ఆ తెరను దిద్దుటకు మాకు మనసొప్పదు.

వాయుమండలము తీసినను లేనిచో, అదే పట్టికలో పాలపుంత గుర్తు తీసివేయబడినదేమో చూడవలెను.

ఇక తెర యంతయు నల్లబడుట, బొమ్మలు ముక్కలగుట ఆకాశపు దోషములు కావు. గ్రాఫిక్సు డ్రైవరు పాతబడినప్పుడు అట్లగును. క్రొత్తది వేయగా మన రెండవ కంప్యూటరు కుదుటపడినది. మూడవది ఇంకను మొండికేయుచునే యున్నది.