ఓపెన్‌బీఎస్‌డీ – తాళములు చేయువారు

కంప్యూటరును నడుపు మూల ప్రోగ్రామును ఆపరేటింగు సిస్టమందురు. యంత్రమునకును మనము వాడుకొను తక్కిన ప్రోగ్రాములకును నడుమ నిలిచి, దేనికెంత మెమొరీ యీయవలెనో, దేనిని ఏ ఫైలు ముట్టనీయవలెనో నిర్ణయించునది ఇదియే. దీనియందు లోపమున్నచో పైనున్న ప్రోగ్రాములెంత మంచివైనను ప్రయోజనము లేదు. పునాది కుంగిన యింటిపై మేడ కట్టినట్లగును. విండోసు, లినక్సు అను పేర్లు విద్యార్థులెల్లరు ఎఱిగినవే. అంతగా ఎఱుగని ఓపెన్‌బీఎస్‌డీ యను వ్యవస్థను గూర్చి ఇచ్చట కొంత వ్రాయదలచితిమి. దీనిని స్వయముగా వాడువారు కొద్దిమందియే. కాని దీనిని నిర్మించినవారు చేసిన తాళమొకటి నేడు లోకమందలి సర్వర్లలో పెక్కింటికి వేయబడి యున్నది.

దీని పూర్వచరిత్రకు ఎక్కువ స్థలము అక్కఱలేదు. 1969లో అమెరికాయందలి బెల్ లాబరేటరీలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యనువారు యూనిక్సు వ్యవస్థను ప్రారంభించిరి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన బర్క్‌లీ విద్వాంసులు దానిని పెంపొందించి బీఎస్‌డీ యను శాఖను వెలయించిరి. ఆ శాఖనుండి 1993లో నెట్‌బీఎస్‌డీ పుట్టినది. దాని స్థాపకులలో నొకరైన థియో డి రాట్ దక్షిణాఫ్రికాలో జన్మించి, కెనడాదేశమున కాల్గరీ నగరమందు స్థిరపడినవారు. తోడి సభ్యులతో పొసగకపోవుటచే 1994 డిసెంబరులో ఆయన ముఖ్యసంఘమునుండి తొలగవలసి వచ్చెను. మఱుసటి సంవత్సరము అక్టోబరులో వేఱు కాపురము పెట్టినట్లు ఓపెన్‌బీఎస్‌డీని ఆరంభించిరి. ఆయన మాట కఱకుదనమును గూర్చి నేటికిని చెప్పుకొందురు. మేమా తగవులోనికి పోము. ఓపెన్ అనగా తెఱచి యుంచినది. ఆ కాలమున ముఖ్యులు మాత్రమే చూడగలిగిన మూలపాఠమును, అందు దినదినము జరుగు మార్పులతో కూడ, ఎల్లవారును చూచునట్లు వీరు బయట పెట్టిరి.

1996లో వీరొక పనికి పూనుకొనిరి. ఆఱుగురు మొదలు పండ్రెండుగురు వఱకు గల యొక బృందము మూలపాఠమును మొదటినుండి తుదివఱకు ఫైలు వెంట ఫైలుగా చదువసాగెను. దొంగ చొరబడిన పిమ్మట కన్నము పూడ్చుట లోకరీతి. వీరు దొంగ రాకమునుపే ప్రతి గోడను తట్టి చూడ మొదలిడిరి. ఒకచోట తప్పు దొరకినచో దానిని దిద్ది ఊరకుండక, అట్టి తప్పే మఱెచ్చటనైన నున్నదేమోయని మొత్తమును గాలించిరి. ఇట్లు దిద్దిన తప్పులలో కొన్ని, కొన్ని నెలలకు తరువాత ఇతర వ్యవస్థలలో దాడికి దారులని తేలినవి.

ఒక యుదాహరణము చెప్పెదము. తవ్వెడు పట్టు గిన్నెలో మానెడు పాలు పోసిన పొర్లి ప్రక్కనున్న వస్తువులను తడుపును గదా! సీ భాషలో అక్షరముల వరుసను ఒకచోటినుండి వేఱొకచోటికి నకలు చేయు పాతరీతి, గిన్నె ఎంత పట్టునో యడుగదు. పొర్లిన యక్షరములు, ప్రోగ్రాము తరువాత ఎచ్చటికి పోవలెనో తెలుపు గుర్తునే చెఱపవచ్చును. నేర్పరియైన దుర్మార్గుడు ఆ గుర్తును తన యానతులవైపు త్రిప్పి యంత్రమును వశపఱచుకొనును. 1998లో టాడ్ మిల్లరు, డి రాట్ కలసి ఎస్‌టీఆర్‌ఎల్‌సీపీవై యను ప్రక్రియను చేసిరి. ఇది గిన్నె కొలతను ముందే తెలిసికొని అంతకుమించి పోయదు. చూచుటకు చిన్నపనియే, అయినను ఎన్ని కన్నములు దీనిచే మూతపడినవో!

ఎంత చదివినను తప్పు మిగులక మానదు. ఆ సంగతిని ముందే ఒప్పుకొని, తప్పు జరిగినను నష్టము కొంచెముగా నుండునట్లు కట్టుదిట్టము చేయుటయే వీరి విశేషమని మా యభిప్రాయము. మెమొరీలో ఏ భాగమైనను వ్రాయుటకో నడుపుటకో పనికివచ్చును గాని, ఏకకాలమున రెంటికిని పనికిరాదను నియమమును 2003లో ప్రవేశపెట్టిరి. కావున చొరబడినవాడు తన యానతులను వ్రాయగలిగినను నడుపజాలడు. 2016లో ప్లెడ్జ్ అనునది వచ్చెను. ప్లెడ్జ్ అనగా ప్రతిన. ప్రోగ్రాము తాను ఇకమీదట చేయబోవు పనులెవ్వియో మొదటనే ప్రతిన చేయును. ఫైలును తెరమీద చూపు క్యాట్ అను చిన్న ప్రోగ్రాము, చదివి చూపుటయే తప్ప నెట్‌వర్కు జోలికి పోనని మాట యిచ్చును. తరువాత ఎవడైన దానిని లోబఱచుకొని నెట్‌వర్కు తలుపు తట్టించినచో, వ్యవస్థ హెచ్చరికయైన చేయక తత్‌క్షణమే దానిని చంపివేయును. మనుష్యుల ప్రతినలకు ఇట్టి కాపలా లేదు!

ఇక తాళము సంగతి. పూర్వము దూరపు యంత్రములోనికి పోవువారు తమ రహస్యపదమును కార్డుమీద వ్రాసి టపాలో వేసినట్లు పంపుచుండిరి. దారిలో ఎవరైనను చదువవచ్చును. 1995లో ఫిన్లండు దేశీయుడు తాతు ఉలోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ అను గూఢలిపి మార్గమును కనుగొనిరి. పిమ్మట దాని లైసెన్సు బిగుసుకొనగా, స్వేచ్ఛగా నున్న పాతప్రతిని తీసికొని ఓపెన్‌బీఎస్‌డీవారు 1999లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ను వెలువరించిరి. లినక్సు సర్వర్లకును, ఆపిల్ యంత్రములకును నేడిదియే తాళము. 2024 జూలైలో ఈ తాళమందే యొక దోషము బయటపడి లినక్సు లోకమును కలవరపెట్టెను. ఓపెన్‌బీఎస్‌డీ యంత్రములకు మాత్రము అది తగులలేదు. ఆ చోట వాడు ప్రక్రియను వారు 2001లోనే భద్రమైన రీతిని వ్రాసికొని యుండిరి.

స్థాపించిన స్థితిలో నున్న తమ వ్యవస్థలోనికి దూరమునుండి చొరబడు కన్నములు ఇంతకాలమున రెండే దొరకినవని వీరు చెప్పుకొందురు. మొదటిది 2002లోను రెండవది 2007లోను బయటపడినవి. ఆ స్థితిలో పెక్కు సేవలు మూసియే యుండును గనుక ఇది గొప్ప కాదని విమర్శకులందురు. ఆ మాటలో నిజము లేకపోలేదు. అయినను అక్కఱలేని తలుపును మూసి యిచ్చుటయు నొక పనియే గదా.

ఇట్టి తాళమునకు ధర లేదు. ఏ కంపెనీయైనను దీనిని వాడుకొని, అమ్ముకొని, ఒక్క కాసైన ఈయకుండవచ్చును, లైసెన్సు అట్టిది. అమెరికా రక్షణశాఖనుండి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము ద్వారా వచ్చుచుండిన ధనము, డి రాట్ ఇరాకు యుద్ధమును గూర్చి పత్రికకు కటువుగా మాటాడిన పిమ్మట 2003 ఏప్రిలులో ఆగిపోయెను. 2014 జనవరి నాటికి స్థితి మఱింత విషమించెను. కాల్గరీలో పలుజాతుల యంత్రములు రేయింబవళ్లు నడచుటకగు విద్యుత్తు ఖర్చు, సాలునకు సుమారు 20,000 డాలర్లు, కట్టుకొనలేక పని నిలిచిపోవచ్చునని వారు లోకమునకు తెలుపవలసి వచ్చెను. లోకమునకు తాళము చేసి యిచ్చినవారి యింట దీపమునకే కఱవు! పాతయంత్రములను ఆర్పివేయరాదా యని కొందఱడిగిరి. ఒకజాతి యంత్రముపై దాగియుండు తప్పు వేఱొకజాతి యంత్రముపై బయటపడునని వారి యనుభవము, కావున ఆర్పలేదు. దాతలు ముందుకు వచ్చుటచే ఆ గండము గడచెను. ఆ యేప్రిలులోనే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అను గూఢలిపి గ్రంథమున హార్ట్‌బ్లీడ్ అను పెద్దలోపము వెల్లడికాగా, వీరే దాని ప్రతిని తీసికొని ప్రక్షాళనమునకు దిగి లిబ్రెఎస్‌ఎస్‌ఎల్‌ను సిద్ధపఱచిరి.

వీరి భద్రత ఊరక వచ్చినది కాదు. సరిగా కాపాడువారు లేరని బ్లూటూతు భాగమును 2014లో తీసివేసిరి. ప్రాసెసరు వేగమును పెంచు హైపర్‌థ్రెడింగు అను సదుపాయము రహస్యములను బయటపెట్టవచ్చునని 2018లో దానిని ఆర్పియుంచిరి. వేగమే ముఖ్యమనువారికి ఈ వ్యవస్థ రుచింపదు.

ఏటికి రెండుమార్లు, సుమారు ఆఱునెలల కొకటిగా, క్రొత్త ప్రతి వెలువడును. దానితో వచ్చు సహాయపత్రములను మ్యాన్ పేజీలందురు. వానిలోని తప్పును సయితము వీరు ప్రోగ్రాములోని తప్పుగనే యెంచి దిద్దుదురు. ఇవి యంత్రములోనే యుండును గనుక ఇంటర్నెట్టు అందని చోటను చదువుకొనవచ్చును. పాత కంప్యూటరొకటి దొరకిన విద్యార్థి దీనిని స్థాపించికొని, ‘ఆఫ్టర్‌బూట్’ అను పేజీతో మొదలుపెట్టవచ్చును. యంత్రము మొదటిసారి లేచిన పిమ్మట ఏమేమి సరిచూచుకొనవలెనో అందు వరుసగా వ్రాసియున్నది.