పెట్టె మీది రాత

హైదరాబాదు,
ఆదివారం రాత్రి.

చి. చిన్నోడికి,

నిన్న నువ్వు పంపిన మెయిలు చూశాను. "ఇది బాగుందో లేదో చెప్పత్తా, మంగళవారం కంపెనీకి పంపుతా" అన్నావు. లోపల ఉత్తరం బాగానే రాశావు. సబ్జెక్టు దగ్గర మాత్రం ఒకటే మాట: "రెస్యూమే". నాకు కళ్లు అక్కడే ఆగిపోయాయి. అందుకే మిగతాదంతా పక్కన పెట్టి ఆ ఒక్క వరస గురించే రాస్తున్నా.

ఉద్యోగాల కోసం వచ్చే అర్జీలు చూడటమే ఇన్నేళ్లుగా నా పని గదా. సోమవారం పొద్దున మెయిలు తెరిస్తే వందల్లో ఉంటాయి. చాలావాటికి సబ్జెక్టు "జాబ్ అప్లికేషన్" అనో, "రెస్యూమే" అనో ఉంటుంది, లేకపోతే ఖాళీ. ఆ రోజు మా దగ్గర నాలుగు రకాల ఉద్యోగాలు ఖాళీగా ఉంటాయి. ఈ పిల్లవాడు దేనికి అడుగుతున్నాడో తెలియాలంటే మెయిలు తెరవాలి, ఫైలు దించుకోవాలి, చదవాలి. చదువుతాను. కానీ సాయంత్రానికి కళ్లు మండుతుంటే, ఏ ఉద్యోగమో పైనే రాసినవాళ్ల మెయిలు మీదికే ముందు చెయ్యి పోతుంది.

ఆ మెయిళ్లు చూస్తే నాకు తాత గుర్తొస్తాడు. ఆయన పలకల ఫ్యాక్టరీలో పనిచేసిన రోజులు నీకు తెలియవు. ఓడెక్కే చెక్కపెట్టెల మీద నల్లరంగుతో, కొస అరిగిన కుంచెతో రాసేవాడు. పలక సైజు, లోపల ఎన్నున్నాయి, ఏ రేవుకు పోవాలి. అంతే, ఇంకో మాట ఉండేది కాదు. బడి నుంచి వచ్చి నేను ఆయన పక్కనే కూర్చునేదాన్ని. ఒకసారి తొందరలో సైజు రాయకుండానే లోడు లారీ ఎక్కింది. ఏ పెట్టెలో ఏముందో తెలియక రేవులో మేకులు పీకి చూశారట. మళ్లీ మేకులు కొట్టేటప్పుడు పలకలు పగిలాయి. రాయి మంచిదే, చెక్కిన చేతులూ మంచివే. ఆ కబురు తెలిసిన రాత్రి తాత అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

మెయిలుకూ పైన ఇలాంటి రాత ఉండాలన్నది పాత మాటే. 1973 సెప్టెంబరులో నలుగురు కలిసి ఒక పత్రం రాశారు. ఎవరు పంపారు, ఎప్పుడు పంపారు, దేని గురించి అన్న మూడూ ప్రతి మెయిలుకూ పైన ఉండాలని అందులో ప్రతిపాదించారు. ఆ నలుగురిలో అభయ్ భూషణ్ మనదేశం మనిషి, ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచి విద్యార్థి. ఉదాహరణకని వాళ్లు ఇచ్చిన సబ్జెక్టు కూడా ఫలానా సమావేశం గురించిన ప్రకటన అని తేటగా చెప్పేదే.

ఇక నీ సంగతి. గిద్దలూరులో ఆడిటరు దగ్గర ఎనిమిది నెలలు జీఎస్టీ రిటర్నులు వేశావు. ఆ ముక్కను రెస్యూమే రెండో పేజీలో అడుగున దాచావేంరా! దాన్ని పైకి తీసుకురా. "జూనియర్ అకౌంటెంట్ – బీకాం, ట్యాలీ, జీఎస్టీ 8 నెలలు" అని రాసి, చివర నీ పేరు పెట్టు. ఫోనులో చూసేవాళ్లకు ముప్పై నలభై అక్షరాల తర్వాత చుక్కలే కనిపిస్తాయి కాబట్టి ఉద్యోగం పేరు ముందుండాలి. ప్రకటనలో నంబరు ఇస్తే అదీ ముందే రాయి. సబ్జెక్టు ఇలాగే ఉండాలని వాళ్లే చెప్తే నీ తెలివి కలపకుండా అక్షరం పొల్లుపోకుండా దించు. పేరొక్కటే రాస్తే చాలదు. మన మార్కాపురంలో నీలాగే చెన్నకేశవస్వామి పేరు పెట్టుకున్నవాళ్లు ఎంతమందో నీకు తెలుసు.

ఇంకొకటి. మనవైపు పిల్లలు "ప్లీజ్ సార్, ఒక్క అవకాశం" అని సబ్జెక్టులో రాస్తారు. చూసినప్పుడల్లా నాకు గుండె పిండినట్టవుతుంది. 2006లో మార్కాపురం నెట్ సెంటరులో కూర్చుని నేనూ అదే రాశాను. ఎనిమిది చోట్లకు పంపితే ఒక్కరూ పలకలేదు. నువ్వు అడుక్కోవడానికి పోవడం లేదు నాయనా. వాళ్లకు లెక్కలు చూసే మనిషి కావాలి, నీకు లెక్కలు వచ్చు. ఆ మాటే చెప్పు. "అర్జెంట్" అని రాయకు. అంతకుముందే మాట్లాడుకున్నట్టు ముందు "Re:" తగిలించమని ఎవరైనా చెప్తే వినకు, అది అబద్ధం. ఇంటర్వ్యూ తర్వాత ధన్యవాదాలు చెప్పాలంటే పాత మెయిలుకే జవాబివ్వు, సబ్జెక్టు మార్చకు. మారిస్తే జీమెయిల్‌లో అది వేరే సంభాషణగా పడుతుంది, నువ్వెవరో మళ్లీ వెతుక్కోవాల్సి వస్తుంది.

ఉద్యోగం వచ్చాక కూడా ఈ అలవాటు వదలకు. "రిపోర్టు" అని పంపకుండా "జూన్ జీతాల లెక్క – బుధవారంలోగా మీ ఆమోదం కావాలి" అని పంపు. పైవాళ్లకు ఏం చేయాలో తెరవకముందే తెలుస్తుంది. ఏడాది చివర జీతం పెంచమని అడిగే రోజున, ఏ నెలలో ఏం చేశావో ఆ సబ్జెక్టులే వరసగా దొరుకుతాయి. మా ఆఫీసులో ఒకమ్మాయి అలాంటి పన్నెండు మెయిళ్లు ముందు పెట్టింది. కాదనడానికి మాకు మాట దొరకలేదు.

ఫైలు పేరు "ఫైనల్ 2" అని ఉంది, అక్కడా నీ పేరు పెట్టు. అన్నీ మార్చి రేపు రాత్రి ముందు నాకే పంపు. పడుకునే ముందు ఫోనులో చూస్తాను, తెరవకుండా.

మీ అమ్మను అడిగినట్టు చెప్పు.

అత్త