మెట్ల మీద సూట్‌కేసు



విచారణ గురువు టీవీ హాస్య ధారావాహిక గురించి రాయడమేమిటని మీలో కొందరు అనుకోవచ్చు. అనుకోనివ్వండి. పెండ్లి కాబోయే జంటలకు తరగతులు చెప్పేటప్పుడు ఈ కథను నేను చాలాసార్లు వాడుకున్నాను. పుస్తకంలోని పాఠం చెబితే తలలూపి ఊరుకునే పిల్లలు, ఈ కథ చెబితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

అమెరికాలో సి.బి.ఎస్. ఛానల్‌లో 1996 నుండి 2005 వరకు తొమ్మిది సీజన్లు నడిచిన ఆ ధారావాహిక పేరు ‘ఎవ్రీబడీ లవ్స్ రేమండ్’. అంటే రేమండ్‌ను అందరూ ఇష్టపడతారని అర్థం. న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్‌లో ఉండే ఇటలీ సంతతి కుటుంబం కథ అది. రే బరోన్ పత్రికలో ఆటల గురించి రాస్తాడు. అతనికి భార్య డెబ్రా, ముగ్గురు పిల్లలు. వీధికి అవతలి వైపే అతని తల్లిదండ్రుల ఇల్లు. అత్తగారు మరీ చెప్పాపెట్టకుండా వచ్చి కోడలి వంటకు వంకలు పెడుతుంది. మామగారు ఫ్రాంక్ నోరు తెరిస్తే ఎవరినో ఒకరిని నొప్పించకుండా మూయడు. పోలీసు ఉద్యోగం చేసే అన్న రాబర్ట్‌కు, తనకంటే తమ్ముడే అమ్మకు ముద్దన్న బాధ. ఒకరంటే ఒకరికి ప్రేమ లేదని కాదు. ఆ ప్రేమను సరిగా చూపించడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు. (ఆ నోటిదురుసు మామగారిగా నటించిన పీటర్ బాయిల్ యవ్వనంలో కొంతకాలం డి లా సాల్ సోదరుల మఠంలో ఉన్నవాడే!)

ఈ ధారావాహికలోని 210 భాగాలలో నా మనసులో నిలిచిపోయింది 2003 మే నెలలో వచ్చిన ‘బ్యాగేజ్’. దానిని రాసిన టక్కర్ కాలీకి ఆ ఏడాది ఉత్తమ హాస్య రచనకు ఎమ్మీ పురస్కారం లభించింది. ఆంగ్లంలో ఆ మాటకు ప్రయాణపు సామాను అనే కాక, మనసులో మోసుకు తిరిగే పాత బరువు అనే అర్థం కూడా ఉన్నది.

కథ చాలా చిన్నది. భార్యాభర్తలు వారాంతపు విహారానికి వెళ్లి తిరిగివస్తారు. సూట్‌కేసు మెట్ల మలుపు దగ్గర పెడతారు. అది అక్కడే ఉండిపోతుంది, మూడు వారాలు! ఆమె తీస్తుందిలే అని అతను, ఈసారి అతనే తీయాలి అని ఆమె. ఇద్దరూ దానిని దాటుకుంటూ ఎక్కుతారు, దిగుతారు. దాని గురించి ఒక్క మాట కూడా అనరు. అన్నవాళ్లు ఓడిపోయినట్లే కదా! చివరకు రే చేసిన పని చూడండి. వాసన భరించలేక ఆమే తీస్తుందని సూట్‌కేసులో జున్నుముక్క పెడతాడు. సూట్‌కేసు పైకి చేర్చడానికి పట్టే సమయం కంటే ఆ జున్ను తెచ్చి దాచడానికి పట్టే సమయమే ఎక్కువ. ఇదే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. పంతం సోమరితనం కాదు. దానికి ఓపిక కావాలి, ప్రణాళిక కావాలి, శ్రమ కావాలి. ఆ శ్రమలో పదో వంతు చాలు, ఆ సూట్‌కేసు పైకి చేరడానికి.

అప్పుడు కోడలితో మాట్లాడడానికి అత్తగారు వస్తుంది. అప్పటికి ఏడేళ్లుగా ఆమెను చూసి నవ్వుతూ వచ్చిన ప్రేక్షకులు ఇక్కడ కాసేపు ఆగిపోతారు. అమెరికాలో పాతకాలపు వంటింటి గోడలకు అలంకారంగా పెద్ద ఫోర్కు, పెద్ద చెంచా తగిలించేవారు. మరీ ఇంట్లోనూ ఉన్నాయి. వాటి గురించే తనకూ ఫ్రాంక్‌కూ ఒకప్పుడు ఇలాంటి పంతమే వచ్చిందని ఆమె చెబుతుంది. ఎవరూ తగ్గలేదు. ఆ తర్వాత ఇంకెప్పుడూ మునుపటిలా లేరు. మనం ఇన్నేళ్లు నవ్విన ఆ ముసలిదంపతుల కీచులాట వెనుక ఇంత చిన్న సంగతి ఉన్నదా అనిపిస్తుంది. జున్నుతో నిండిన ఈ పెట్టెను మీ ఫోర్కూ చెంచా కానివ్వవద్దని ఆమె కోడలికి చెప్పే మాట సారాంశం. అందరి కాపురాల్లో వేలుపెట్టే ఆ అత్తగారి నోట ఈ మాట రావడమే ఆ రచయిత తెలివి. బుద్ధి చెప్పే అర్హత ఆమెకు ఆమె ఓటమి వల్లనే వచ్చింది.

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో అరిస్టాటిల్ నీతిశాస్త్రం నాలుగవ భాగాన్ని పరీక్ష కోసం బట్టీపట్టాను. కోపిష్టులలో రకాలున్నాయంటాడు ఆయన. కొందరికి ఇట్టే కోపం వస్తుంది, ఇట్టే పోతుంది. వీరితో పెద్ద ప్రమాదం లేదు. రెండవవారు కోపాన్ని లోపలే దాచుకుంటారు. పైకి కనిపించదు కాబట్టి ఎవరూ వచ్చి సముదాయించరు. లోపలే అరగాలి కాబట్టి చాలాకాలం పడుతుంది. ఇటువంటివారు తమకూ, తమకు అత్యంత ఆప్తులైనవారికీ భారమవుతారని ఆయన తేల్చాడు. అక్వినాసువారు కూడా ఈ విభజనను సమర్థించారు. ఇరవై ఏళ్ల వయసులో ఇది నాకు వట్టి వర్గీకరణ. తర్వాత ఎన్నో ఇండ్లలో దీనిని కళ్లారా చూశాను. మన తెలుగులో దీనికి చక్కని మాట ఉన్నది: సాధింపు. కేకలు వేసుకునే ఇంటికి ఇరుగుపొరుగు పరుగెత్తుకొస్తారు. సాధించుకునే ఇంటికి ఎవరొస్తారు? అక్కడ అంతా ప్రశాంతంగా ఉన్నట్లే ఉంటుంది.

ఇంకొక సంగతి చెప్పాలి. ఈ కథలో తప్పు ఇద్దరిదీ సమానమే అనిపిస్తుంది. నేనూ చాలాకాలం అలాగే చెప్పాను. ఒక తరగతిలో ఒక అమ్మాయి లేచి, “ఫాదర్, ఆ సూట్‌కేసు అతనికి ఒకటే సూట్‌కేసు. ఆమెకు అది వెయ్యవది” అన్నది. నాకు జవాబు తోచలేదు. నిజమే. ఆ ఇంట్లో గిన్నెలు, బట్టలు, పిల్లల చదువులు, అన్నీ డెబ్రా మీదే. రే సోఫాలో కూర్చుని ఆటలు చూస్తాడు. ధారావాహిక దానిని నవ్వులాటగా తేల్చేస్తుంది, అది దాని లోపం. భార్యాభర్తలను ఎదురుగా కూర్చోబెట్టి “ఇద్దరూ సర్దుకుపోండి” అనడం మాబోటివారికి సులువు. అప్పటికే తొమ్మిది పాళ్లు సర్దుకున్న మనిషికి ఆ మాట ఎలా వినిపిస్తుందో ఆ అమ్మాయి చెప్పేవరకు నేను ఆలోచించలేదు.

ఆ భాగం ముగింపు కూడా గమనించదగ్గదే. తగ్గాలనే బుద్ధి కలిగాక, ఆ తగ్గడంలోనూ పోటీ వస్తుంది. నేనే తీసుకెళ్తాను, నేనే పెద్దమనసు చూపిస్తాను అని ఆ పెట్టె పట్టుకుని పెనుగులాడతారు. క్షమాపణను కూడా గెలుపుగా మార్చుకోగల ప్రాణి మనిషి!

ఇతరుల కాపురాల గురించి ఇంత రాసి నా సంగతి దాస్తే న్యాయం కాదు. చాలా ఏళ్ల కిందట ఒక విచారణలో నాకు సహాయంగా ఒక యువగురువు ఉండేవారు. గుడి వసారాలో ట్యూబులైటు మాడిపోయింది. మార్పించడం ఆయన పని అని నా ఉద్దేశం. ఫాదర్‌గారు చెబితే మారుస్తానని ఆయన ఉద్దేశం కాబోలు. నేను చెప్పలేదు. రాత్రిపూట ఇద్దరమూ టార్చి వేసుకుని ఆ చీకటి వసారా దాటేవాళ్లం. భోజనాల దగ్గర వాన గురించి, ఎరువుల ధరల గురించి మాట్లాడుకున్నాం, లైటు గురించి తప్ప. అలా నాలుగు నెలలు గడిచాక ఆయనకు బదిలీ అయింది. సామాను జీపులో పెట్టుకుని, నా చేతులు పట్టుకుని, “వెళ్లొస్తాను ఫాదర్” అన్నారు.

ఆ సాయంత్రమే నేను బజారుకు వెళ్లి ట్యూబులైటు కొని తెచ్చాను. స్టూలెక్కి బిగించడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.