ఇప్పపువ్వు పన్నెండు బొమ్మల్లో రాలుతుంది

ఖమ్మం,
శివరాత్రి తెల్లారి.

కోడలు పిల్లా,

భద్రాచలం బస్సు కండక్టరు చేతికిచ్చి పంపిన నీ బొమ్మల పుస్తకం చేరి పదిరోజులైంది. ఇన్నాళ్లూ జవాబు రాయనిది బద్ధకం వల్ల అనుకోకు. మూడుసార్లు తిరగేశాను, తిరగేసిన ప్రతిసారీ ఒక కొత్త మాట చెప్పాలనిపించింది. ఫోన్లో చెబితే "సరే మామయ్యా" అనేసి మరిచిపోతావు. కాగితమ్మీద ఉంటే, కోపమొచ్చినా ఎక్కడో ఒకచోట దాచుకుంటావు కదా అని రాస్తున్నాను.

ముందు లెక్క. కత్తి పట్టుకున్న కుర్రాళ్లు ముప్పై ఒక్కమంది. అందరి జుట్టూ ఎగురుతోంది, గాలి ఎటునుంచి వస్తోందో మాత్రం ఒక్కడికీ తెలీదు. మొదలుపెట్టిన సినిమాలు తొమ్మిది. ఒక్కోదానికి పేరు, ఆ పేరుకు మెరుపుల అక్షరాలు, హీరో, హీరో కుక్క, విలను కోట. రెండో పేజీ దాటిన కథ ఒక్కటీ లేదు. తిట్టడం లేదులే. జపాను కార్టూన్లు చూసి గీయడంలో తప్పేమీ లేదు. నేనూ నీ వయసులో ఫొటో మీద గళ్లు కొట్టి, ఆ గళ్లనే గుడ్డ మీద పదింతలు చేసి, హీరోల మొహాలు దించినవాణ్ణే. సినిమా బ్యానర్ల పనిలో అదే మా బడి. అయితే మా మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. మొహం ఎంత బాగా కుదిరినా చూసేవాడు కాదు. కటౌట్ కిందికి వెళ్లి కాళ్ల దగ్గర నిలబడేవాడు. "వీడు నేలమీద లేడురా, దండేనికి వేలాడుతున్నాడు" అనేవాడు. నీ ముప్పై ఒక్కమందీ దండేనికి వేలాడుతున్నారు.

ఇక పుస్తకం చివరి అట్ట లోపలి వైపు. అక్కడ పెన్సిలుతో మూడు చిన్న బొమ్మలున్నాయి, నువ్వే మరిచిపోయి ఉంటావు. మీ ఇంటి వెనకాల గూడెం అవ్వ ఇప్పపువ్వు ఏరుతోంది. మొదటి బొమ్మలో గొంతుక్కూర్చుంది, ఎడమ చెయ్యి మోకాలి మీద ఉంది. రెండోదాంట్లో నడుము పైకి లేచింది, తల ఇంకా కిందికే ఉంది. మూడోదాంట్లో నిలబడింది, బుట్ట కుడి చంకన ఉంది, ఒళ్లంతా ఎడమకు ఒరిగింది. బుట్ట బరువుకు ఒళ్లు ఎదురువైపు ఒరుగుతుందని నీకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు, చూశావు కాబట్టి గీశావు. ఈ ఉత్తరం ఆ మూడు బొమ్మల కోసమే రాస్తున్నాను.

వాటిలోనూ ఒకటి తక్కువైంది. కూర్చున్న మనిషి తిన్నగా పైకి లేవదు. లేచేముందు ఇంకాస్త కిందికి దిగుతుంది, భుజాలు ముందుకు వస్తాయి, చెయ్యి మోకాలిని నొక్కుతుంది, అప్పుడు లేస్తుంది. డిస్నీ దగ్గర జీవితమంతా పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో ఒక పెద్ద పుస్తకం రాశారు. వాళ్లు చెప్పిన పన్నెండు సూత్రాల్లో ఇదొకటి, దాన్ని యాంటిసిపేషన్ అంటారు. పేరు గుర్తుండకపోయినా ఫరవాలేదు. మీ నాన్న పెట్రోలు బండికి కిక్కు కొట్టేముందు కాలు ఎంత పైకెత్తుతాడో చూడు, చాలు.

ఇప్పుడు నీకో పని. ఇంకో నెలలో ఇప్పపువ్వు రాలడం మొదలవుతుంది. తెల్లవారుజామున వెళ్లి చెట్టుకింద కూర్చో, కానీ ఒక్కదానివే వెళ్లకు, ఆ పువ్వంటే ఎలుగుబంట్లకూ ఇష్టమే. ఒక్క పువ్వు రాలడాన్ని మాత్రం చూడు. కొమ్మ పదహారు అడుగుల ఎత్తున ఉందనుకుంటే పువ్వు నేల తాకడానికి దాదాపు ఒక సెకను పడుతుంది. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలబెడితే 12 బొమ్మలు సరిపోతాయి. ఇక్కడే చెయ్యి మోసం చేస్తుంది. ఆరో బొమ్మకు సగం సమయం అయింది కనుక పువ్వు సగం దూరం దిగి ఉండాలని చెయ్యి అంటుంది. నిజానికి అది దిగేది పావు దూరమే. పదహారు అడుగుల్లో నాలుగు. మిగతా పన్నెండు అడుగులూ చివరి ఆరు బొమ్మల్లో దూకేస్తుంది.

కాగితమ్మీద దీన్ని తేలిగ్గా కొలుచుకునే దారి ఒకటుంది. కొమ్మకూ నేలకూ మధ్య 144 మిల్లీమీటర్లు పెట్టుకో. స్కేలు ఆనించి, కొమ్మనుంచి కిందికి చుక్కలు పెట్టు: 1, 4, 9, 16, 25, 36... అలా వర్గాలన్నీ రాసుకుంటూ పోతే పన్నెండోది సరిగ్గా 144 దగ్గర, నేలమీద పడుతుంది. నువ్వు పరీక్షకు బట్టీ పట్టిన భౌతికశాస్త్రమే ఇది, ఇక్కడ చేతికి పనికొస్తోంది. మొదటి చుక్కలు ఒకదానికొకటి అతుక్కుపోయి, చివరివి దూరం దూరంగా ఉంటాయి. పువ్వు గీయకపోయినా, ఒట్టి ఆ చుక్కల్ని చూస్తేనే ఏదో పడుతోందని తెలిసిపోతుంది. నేల తాకాక మాత్రం బంతిలా ఎగరనీయకు. ఇప్పపువ్వు కండ ఉన్న పువ్వు, తేనెతో బరువెక్కి ఉంటుంది. టప్పున పడి, కొంచెం అణిగి, పక్కకు పొర్లి ఆగిపోతుంది.

అదయ్యాక టేకాకు. దానికి ఈ లెక్క పనిచెయ్యదు. గాలి మీద అటూ ఇటూ ఊగుతూ దిగుతుంది, ఊపుకు రెండు కొసల దగ్గరా నెమ్మదిస్తుంది, నడుమ వేగం అందుకుంటుంది. పువ్వునూ ఆకునూ ఒకే పేజీలో పక్కపక్కన రాల్చగలిగిన రోజున, నీ కత్తివీరులకు కూడా కాళ్లు నేలకు ఆనుతాయి.

నీ పుస్తకంలో జింక కూడా ఉంది. పర్ణశాలలో బొమ్మ చూసి గీశానని పక్కన రాసుకున్నావు. ఊళ్లో పెట్టిన బొమ్మను చూసి గీస్తే బొమ్మకు బొమ్మే వస్తుంది. వెనక కాలు నడుమన వెనక్కి వంగే కీలు ఉంది చూడు, దాన్ని నువ్వు మోకాలు అనుకున్నావు. అది మడమ. అసలు మోకాలు పైన, పొట్ట దగ్గర దాక్కుని ఉంటుంది. ముందుకాలి నడుమ కీలు మన మణికట్టు లాంటిది. జింక నడిచేదంతా గోళ్ల మీదే, గిట్టలంటే గోళ్లే కదా. ఈ కీళ్ల సంగతి ఒక్కటి తెలిస్తే జింకే కాదు, ఆవు, మేక, కుక్క అన్నీ చక్కబడతాయి. సెలవు దొరికితే పాల్వంచ దగ్గర కిన్నెరసాని జింకల పార్కుకు వెళ్లి ఒక పూట కూర్చో. దుప్పికి అనుమానం వస్తే ముందు చెవులు తిరుగుతాయి, తరవాత తల, అప్పటికీ ఒళ్లు కదలదు. ముందుకాలితో ఒకసారి నేలను తంతుంది, తోక లేస్తుంది. పరుగు ఆ తరవాతే.

జింకను ఇంతగా పట్టుకుని వేలాడటానికి కారణముంది. బొమ్మల సినిమా మన దేశానికి వచ్చిన దారిలో అడుగడుగునా జింక కనిపిస్తుంది. 1942లో వచ్చిన 'బాంబీ' కోసం డిస్నీ స్టూడియోకు రెండు జింక పిల్లల్ని తెప్పించి, వాటిని చూస్తూ గీశారు. ఆ సినిమాకు పనిచేసిన క్లేర్ వీక్స్ అనే ఆయన 1956లో బొంబాయి ఫిల్మ్స్ డివిజన్‌కు వచ్చి మన పిల్లలకు పని నేర్పాడు. అక్కడ 1957లో తీసిన సినిమా పేరు 'బన్యన్ డీర్', అదొక జాతక కథ, అదీ జింక కథే. అక్కడ నేర్చుకున్న రామ్‌మోహన్ తరవాత జపాన్‌కు చెందిన యూగో సాకోతో కలిసి రామాయణాన్ని బొమ్మల సినిమాగా తీశాడు. దాదాపు లక్ష సెల్స్, అంటే పారదర్శకమైన రేకుల మీద చేత్తో రంగులద్దిన పని. 1992 నాటి ఆ సినిమా మన థియేటర్లలోకి వచ్చింది 2025 జనవరిలో. అందులోనూ బంగారు జింకగా మారిన మారీచుడు ఉండక తప్పదు కదా. అంటే ఆ జింక తిరిగి తిరిగి మీ పర్ణశాల కథలోకే వచ్చింది. నువ్వు మాత్రం దాని మోకాలు తప్పు గీశావు!

మారీచుణ్ణి నువ్వు గీస్తే ఎలా గీస్తావని ఆలోచించాను. బంగారు రంగు వెయ్యడం పెద్ద పనేం కాదు. వాడు పరుగెత్తుతూ ఆగి, వెనక్కి చూసి, రాముడు వస్తున్నాడో లేదో తేల్చుకుని మళ్లీ పరుగెత్తాలి. అసలు జింక భయంతో చూస్తుంది. వీడు పిలుస్తున్నట్టు చూడాలి, ఆ పిలుపులో చావుభయం కూడా కనిపించాలి. ఆ ఆగడం పన్నెండు బొమ్మలా, ఇరవయ్యా? ఎక్కువ ఆగితే రాముడికి అనుమానం వస్తుంది, తక్కువైతే మనకు అర్థం కాదు. ఎన్నో నాకూ తెలీదు, నువ్వే గీసి చెప్పు.

'బాంబీ' గురించి ఇంకొక్క మాట. అడవిని ఎలా గీయాలో తెలియక మొదట అక్కడివాళ్లు ఆకు ఆకూ గీశారు, ఆ ఆకుల్లో జింక తప్పిపోయింది. టైరస్ వాంగ్ అనే చైనా సంతతి చిత్రకారుడు వచ్చి, నాలుగు చెట్ల మొదళ్లు, వెనక పొగమంచు, అంతటితో ఆపేశాడు. మీ దుమ్ముగూడెం దారిలో పొద్దున్నే బస్సు కిటికీలోంచి కనిపించేది అదే కదా? నువ్వేమో వెదురు పొదలో ప్రతి ఆకుకూ ఈనెలు పెట్టావు. బాపు బొమ్మల్ని తిరగెయ్యి. 1973లో 'అందాల రాముడు' కోసం రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా గోదావరి మీద లాంచీ నడిపించిన మనిషి, షూటింగుకు ముందే షాట్లు బొమ్మలుగా గీసుకునేవాడు. గోదావరి కావాలంటే రెండు గీతలు. మూడోది ఉండదు.

కోయల కొమ్ము నృత్యం నువ్వు చిన్నప్పట్నుంచీ చూస్తున్నావు. ఈసారి డోలు మోతను పక్కనపెట్టి తలపాగానే చూడు. ఆటగాడు మెడ విసిరితే కొమ్ములు దాంతోపాటే వెళ్తాయి, నెమలీకలు మాత్రం ఒక దెబ్బ ఆలస్యంగా వచ్చి, మెడ ఆగిన తరవాత కూడా ఇంకాస్త ముందుకు ఊగి వెనక్కి వస్తాయి. నీ హీరోల జుట్టుకు కావలసింది ఆ ఆలస్యమే.

పడిగె కూడా చూసే ఉంటావు, ఆ మూడు మూలల గుడ్డ. డోలీలు దాన్ని విప్పి, ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి, కోయల గట్టు గట్టుకూ, అంటే వంశం వంశానికీ, ఇలవేల్పుల కథ పాడతారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఆ కథలు పాడే 2022లో పద్మశ్రీ అందుకున్నాడు, 2024లో పోయాడు. గుడ్డ మీద బొమ్మ కదలదు, గొంతూ డోలూ మన కంటిని కదిలిస్తాయి. స్టూడియోల్లో కూడా కదిలే బొమ్మలకు ముందు, కదలని బొమ్మల్ని వరసగా పేర్చి, మాటా సంగీతం కలిపి చూసుకుంటారు. దాన్ని యానిమాటిక్ అంటారు. మనవాళ్లు ఎప్పట్నుంచో చేస్తున్నదే. నీ తొమ్మిది సినిమాలు రెండో పేజీలో ఆగిపోవడానికి కారణం బహుశా ఇదే, ముందు వినలేదు. అవ్వను మాట్లాడించి ఫోనులో రికార్డు చెయ్యి, ఆ గొంతు ఎక్కడ ఆగితే అక్కడో బొమ్మ పెట్టు. అయితే ఆమెను అడిగి చెయ్యి. పడిగె మీది బొమ్మలు మాత్రం అడిగినా దించకు. అవి కొలుపు బొమ్మలు, టీషర్టు మీదికి ఎక్కించేవి కావు.

నీకు ల్యాప్‌టాప్ కావాలని మీ అమ్మ చెప్పింది. ఇప్పుడే వద్దని నేనే అన్నాను, తిట్టుకుంటే నన్ను తిట్టుకో. ఫ్లెక్సీలు వచ్చి మా కుంచెలు మూలపడ్డాక, నలభై దాటిన వయసులో నేనూ ఒకచోట యానిమేషన్ కోర్సుకు ఫీజు కట్టాను. రెండు నెలలూ ఏ బటను నొక్కితే ఏ కిటికీ తెరుచుకుంటుందో చెప్పారు. మనిషి ఎలా లేస్తాడో ఒక్కరోజూ చెప్పలేదు. మూడో నెల మానేశాను, డబ్బు వెనక్కి రాలేదు. బటన్లు నువ్వు వారంలో నేర్చుకుంటావు. క్రిటా, బ్లెండర్ రెండూ ఉచితమే. లాత్వియా కుర్రాడు గింట్స్ జిల్బలోడిస్ బ్లెండర్‌తో చేసిన 'ఫ్లో' 2025లో ఆస్కార్ తెచ్చుకుంది. దానికి ముందు 2019లో ఒక పూర్తి సినిమా ఒక్కడే కూర్చుని తీశాడు. 'ఫ్లో'లో ఒక్క మాట ఉండదు. వరద, పడవ, పిల్లి, ఇంకొన్ని జంతువులు. అది చూసినప్పుడు నాకు 2022 జులై గుర్తొచ్చింది. భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు నువ్వు ఎనిమిదో తరగతి, మిద్దె మీద రెండు రాత్రులు ఉన్నారు. నీళ్లలో కొట్టుకుపోతున్న గడ్డివాము మీద కోడి ఒకటి నిలబడి ఉందని ఫోన్లో నాకు చెప్పావు. పుస్తకమంతా వెతికాను. ఆ కోడి ఎక్కడా లేదు.

నవమి కల్యాణానికి వస్తాను, ముందురోజు సాయంత్రమే దిగుతాను. నాకు కత్తివీరులు వద్దు. పువ్వు పన్నెండు బొమ్మలు, వీలైతే అవ్వ లేవడం ఇరవై నాలుగు. మీ అమ్మకు చెప్పి పాత కిటికీ అద్దం ఒకటి తీయించి, రెండు ఇటుకల మీద పెట్టి కింద బల్బు వెలిగించు, కింది కాగితం మీది గీత పైకి కనిపిస్తుంది. కాగితాలు కదలకుండా చెక్కకు రెండు పొట్టి మేకులు కొట్టి, చిల్లులు పొడిచిన కాగితాలు వాటికి తగిలించు. ఈ సంచిలో అయిదువందల కాగితాలు పెట్టాను. బహుశా మీ ఏటి అవతల సారపాక మిల్లులో పుట్టినవే, ఖమ్మం దాకా వచ్చి మళ్లీ మీ దగ్గరికే వస్తున్నాయి. రెండు చిల్లుల పంచు కూడా పెట్టాను. దాని స్ప్రింగు కాస్త బిగువు, ఒకసారికి పది కాగితాలకన్నా ఎక్కువ పెట్టకు.

మీ మామయ్య