ఆమోసు దర్శనమున పండ్లగంప: శబ్దార్థ విచారము

హీబ్రూ ప్రవక్తల వాఙ్మయము అనువాదరూపమున తెనుగునకు వచ్చి చాలకాలమైనది. అనువాదము అర్థమును మోయగలదు. శబ్దమును మోయుట దుష్కరము. శ్లేషయమకముల నభ్యసించినవారికి ఈ మాట క్రొత్తది కాదు. అయినను శబ్దము జారిపోయినంతనే వాక్యము నిర్హేతుకముగ తోచు ఘట్టములు కొన్ని కలవు. ఆమోసు గ్రంథమున ఎనిమిదవ అధ్యాయారంభము అట్టిది.

దేవుడు ప్రవక్తకు గంపెడు వేసవి పండ్లను చూపి, ఏమి కనబడుచున్నదని యడుగును. ప్రవక్త ఉన్నదున్నట్లు చెప్పును. వెంటనే ఇశ్రాయేలునకు అంతము వచ్చినదను తీర్పు వెలువడును. పండ్లకును అంతమునకును సంబంధమేమి? మూలమున వేసవి పండ్లకు ‘కయిత్స్’ అనియు, అంతమునకు ‘కేత్స్’ అనియు పదములు. మొదటిదానిలో కోఫ్, యోద్, త్సాదే అను మూడక్షరములు. రెండవదానిలో నడిమి యోద్ లేదు. ధాతువులు వేరు. రెండవది ఛేదనార్థకము నుండి పుట్టినది.

దీనిని అనుప్రాసమువంటి చమత్కారమని చెప్పి విడుచుట పరిపాటి. శాసనములను చూచిన పిమ్మట ఆ నిర్ణయము చాలదని తోచుచున్నది.

1910లో ఉత్తర రాజ్యపు రాజధాని యగు షోమ్రోను శిథిలములలో సిరావ్రాత గల కుండపెంకులు దొరకినవి. చదువదగినవి అరువదికి పైగా నున్నవి. క్రీ.పూ. 8వ శతాబ్దికి చెందిన ఈ పెంకులపై ద్రాక్షారసము, తైలము రాజధానికి చేరిన లెక్కలు గలవు. ద్రాక్షారసమునకు పదము ‘యయిన్’. దక్షిణమున యూదాలోని అరాదు పెంకులందు దీనిని రెండు యోద్‌లతో వ్రాసిరి. షోమ్రోను పెంకులందు ఒకటియే యున్నది. అనగా ఉత్తరదేశమున ‘అయి’ అను సంధ్యక్షరము ‘ఏ’కారమై, ఆ పదము ‘యేన్’ అని పలుకబడెడిది. సంస్కృత ‘శైల’ ప్రాకృతమున ‘సేల’ యైనట్లే యిది. అదే సూత్రమున ఉత్తరదేశీయుని నోట ‘కయిత్స్’ కూడ ‘కేత్స్’ కావలెను. అప్పుడు పండ్లును అంతమును ఏకశబ్దమగును.

ఆమోసు యూదా దేశపు తెకోవ గ్రామవాసి. పసులకాపరి, మేడిపండ్లు ఏరుకొనువాడు. అతడు ప్రవచించినది ఉత్తరమున బేతేలు క్షేత్రమునందు. అతడు తన పలుకుబడిలో పండ్లని చెప్పినను, శ్రోతల పలుకుబడిలో ఆ మాటయే అంతమగును. కావున ఇది అనుప్రాసము కంటె శ్లేషకు దగ్గరయని నా అభిప్రాయము. నేటి ముద్రిత పాఠమున రెండు పదములు వేరుగ కనబడుటకు, వేయేండ్లకు పైగా గడచిన పిమ్మట మసోరా పండితులు చేర్చిన స్వరచిహ్నములు కొంత కారణము. అయితే ‘కయిత్స్’ అను పదము షోమ్రోను పెంకులపై లేదు, ఇది ఊహయే. 1908లో గెజెరున దొరకిన వ్యవసాయ ఫలకమున మాత్రము ఆ పదము యోద్ లేకయే యున్నది. ఆ ఫలకపు భాష హీబ్రూయా, ఫినీషియనా యను వివాదము కలదు గనుక దానిని ప్రధాన సాక్ష్యముగ గ్రహింపరాదు. అందు వేసవి పండ్ల మాసము జాబితాలో కట్టకడపటిది యగుట మాత్రము గమనింపదగినది.

ఆ పెంకులే మరియొక సంగతిని కూడ చెప్పుచున్నవి. వాటిలో పాత ద్రాక్షారసము, శుద్ధతైలము పేర్కొనబడినవి. పాత్రలతో ద్రాక్షారసము త్రాగి, మేలైన తైలము పూసికొని, దంతపు మంచములపై పరుండు ధనికులను ఆమోసు నిందించెను. 1930ల తవ్వకములలో అచ్చటనే దంతపు పలకలు బయల్పడినవి. రెండవ యరొబాము కాలపు ఆ సంపద యంతయు క్రీ.పూ. 722 ప్రాంతమున అష్షూరు వశమైనది.

మన భాషలో ‘పాపము పండినది’ అను పలుకుబడి యున్నది. పండు నామమును, పండు క్రియయు ఏకరూపములు. గంపలోని పండ్లను చూపి, ఈ జనుల పాపము పండినదని తీర్పు చెప్పించినచో తెనుగు పాఠకునకు ఆ తటాలుమను తాకుడు దక్కును. కాని ‘పండుట’యందు కర్మఫలభావన చొచ్చును, ‘కేత్స్’ అను పదమున నున్నది కోత. అనువాదకుడు ఆ భేదమును అడుగున వివరింపవలసియుండును.