మన వార్డు జాబితాలో మన పేరు



ఉపాధ్యాయులుగా మేము ఎన్నో ఎన్నికలలో పోలింగ్ విధులు చేశాము. ఒకసారి ఒక పెద్దావిడ మధ్యాహ్నం ఎండలో నడిచి వచ్చి, కొంగున మూటగట్టుకున్న ఓటరు కార్డు మా బల్ల మీద పెట్టారు. జాబితా మొదటి నుండి చివరి వరకు రెండుసార్లు వెతికాము. ఆమె పేరు లేదు. "మాస్టరు గారూ, ఈ ఫోటో నాది కాదా?" అని అడిగారు. ఫోటో ఆమెదే. కాని ఓటు వేయించలేకపోయాము. అంతకుముందు ఆమె ఇల్లు మారారు. ఆ మార్పు ఎవరూ నమోదు చేయించలేదు. ఆ రోజు ఆమె వెనుదిరిగిన తీరు మాకు ఇప్పటికీ గుర్తుంది. ఈ పాఠం రాయడానికి కారణం అదే.

మొదటి విషయం: కార్డు వేరు, జాబితా వేరు

ఓటరు కార్డు మనం ఎవరమో చెబుతుంది. ఓటు హక్కు మాత్రం జాబితాలో పేరు ఉంటేనే. పేరు ఉండి కార్డు పోయినా, ఎన్నికల సంఘం అనుమతించిన మరో ఫోటో గుర్తింపు పత్రంతో ఓటు వేయవచ్చు. పేరు లేకపోతే ఎన్ని కార్డులు చూపినా ప్రయోజనం లేదు.

రెండవ విషయం: స్థానిక ఎన్నికల జాబితా ఎక్కడి నుండి వస్తుంది?

శాసనసభ, లోక్‌సభ ఎన్నికలను కేంద్ర ఎన్నికల సంఘం జరుపుతుంది. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలను రాష్ట్ర ఎన్నికల సంఘం జరుపుతుంది. 1992లో చేసిన 73, 74వ రాజ్యాంగ సవరణలతో ఈ ఏర్పాటు వచ్చింది. సంఘాలు రెండైనా జాబితాకు మూలం ఒక్కటే. శాసనసభ ఓటర్ల జాబితానే వార్డుల వారీగా విడదీసి స్థానిక ఎన్నికలకు వాడతారు. మన జంగారెడ్డిగూడెం చింతలపూడి నియోజకవర్గంలో ఉంది. ఆ జాబితాలో పేరు లేనివారికి పట్టణంలో వార్డు ఓటు కూడా ఉండదు. "కౌన్సిలర్ ఎన్నికలు వచ్చినప్పుడు చూద్దాం" అనుకుంటే అప్పటికి ఆలస్యమైపోతుంది.

మూడవ విషయం: ఏ పనికి ఏ ఫారం?

ఫారం 6: కొత్తగా పేరు చేర్చడానికి. 18 ఏళ్లు నిండాలి. పూర్వం 21 ఏళ్లు ఉండేది, 61వ సవరణతో 1989 నుండి 18 అయింది. ఒకప్పుడు జనవరి 1 ఒక్కటే లెక్క. ఇప్పుడు జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1 నాలుగూ అర్హత తేదీలే. 17 ఏళ్లు నిండిన పిల్లలు ముందుగానే దరఖాస్తు ఇవ్వవచ్చు. ఇంటర్ చదివే మన పిల్లలకు ఇది చెప్పాలి. ఫోటో, పుట్టిన తేదీ ఆధారం, చిరునామా ఆధారం జతచేయాలి.

ఫారం 8: ఇల్లు మారినా, పేరులో తప్పున్నా, కార్డు పోయినా ఇదే. పెళ్లై వచ్చిన కోడళ్ల పేర్లు చాలావరకు పుట్టింటి ఊరిలోనే ఉండిపోతాయి. రెండుచోట్ల పేరు ఉండడం చట్టరీత్యా తప్పు. కాబట్టి కొత్తగా ఫారం 6 ఇవ్వకుండా ఫారం 8తో మార్పించుకోవాలి. మన పేర్లలో "షేక్" ఒక చోట, "ఎస్.కె." మరో చోట, "బీబీ", "బేగం" ఒకదాని బదులు ఒకటి పడడం మామూలే. చిన్న అక్షర దోషానికి ఓటు నిరాకరించకూడదు. అయినా ముందే సరిచేయించుకుంటే ఆ రోజు వాదన ఉండదు.

ఫారం 7: పేరు తొలగించమని కోరడానికి. చనిపోయిన వారి పేర్లు మనమే తీయించాలి. కాని ఈ ఫారం దుర్వినియోగం కూడా అవుతుంది. 2019 ఎన్నికలకు ముందు మన రాష్ట్రంలో ఫారం 7లు పెద్ద ఎత్తున దాఖలై పోలీసు కేసుల దాకా వెళ్లింది. తప్పుడు ప్రకటన ఇచ్చినవారికి ఏడాది వరకు జైలు శిక్ష ఉంది. మీ పేరుపై నోటీసు వస్తే పక్కన పడేయకుండా వెంటనే జవాబివ్వండి.

ఫారం 6ఎ: కువైట్, ఖతర్ వంటి దేశాలలో ఉంటున్న భారత పౌరులకు. పాస్‌పోర్టులోని చిరునామా ప్రకారం ఇక్కడ పేరు నమోదవుతుంది. ఓటు వేయాలంటే మాత్రం అసలు పాస్‌పోర్టుతో స్వయంగా రావాలి.

ఈ ఫారాలన్నీ ఉచితం. బూత్ స్థాయి అధికారికి ఇవ్వవచ్చు, ఫోనులో ఎన్నికల సంఘం యాప్ ద్వారా కూడా పంపవచ్చు. సందేహాలకు 1950 నంబరు ఉంది. రసీదు సంఖ్య రాసి పెట్టుకోవడం మరవకండి.

నాల్గవ విషయం: ఓటు రోజున

మన పట్టణంలో 2021 మార్చి 10న ఓటింగ్, 14న లెక్కింపు జరిగాయి. మున్సిపల్ ఎన్నికలో మనం వేసేది వార్డు కౌన్సిలర్‌కు ఒక్క ఓటు. గెలిచిన కౌన్సిలర్లు చైర్‌పర్సన్‌ను ఎన్నుకుంటారు. చుట్టుపక్కల పల్లెల వారికి పంచాయతీ ఎన్నికలో సర్పంచ్‌కు ఒకటి, వార్డు సభ్యునికి ఒకటి, రెండు ఓట్లు.

బ్యాలెట్ పత్రమైతే ముద్ర ఒక్క అభ్యర్థి గడిలోనే పడాలి. ఇద్దరి గడులలో పడితే చెల్లదు. సిరా రెండో వైపు అంటకుండా చూసి మడవాలి. సంతకం, పేరు ఏమీ రాయకూడదు.

పర్దా పాటించే అక్కచెల్లెళ్లు ఎక్కువగా ఉన్నచోట గుర్తింపుకు, వేలికి సిరా వేయడానికి మహిళా సిబ్బందితో చాటుగా ఏర్పాటు చేయాలని నిబంధన ఉంది. అడగడానికి మొహమాటం వద్దు. మీ ఓటు ఎవరైనా ముందే వేసేసి ఉంటే గొడవపడి వెళ్లిపోకండి. గుర్తింపు నిరూపించి టెండర్డ్ ఓటు కోరండి. అది మామూలు లెక్కింపులో చేరదు గాని, అన్యాయం జరిగినట్టు రికార్డులో ఉంటుంది.

ఎందుకింత శ్రమ?

కుళాయి నీరు, మురుగు కాలువ, వీధి దీపం, జనన మరణ ధృవపత్రం, ఇవన్నీ మున్సిపాలిటీ పనులు. వార్డు చిన్నది కాబట్టి ఫలితం కొద్ది ఓట్లతో తేలవచ్చు. సమానంగా వస్తే లాటరీ తీస్తారు. ఒక ఇంట్లో నమోదు కాని ముగ్గురి ఓట్లు ఎంత విలువైనవో ఆలోచించండి. ఎవరికి వేయాలో మేము చెప్పము, అది మీ అంతరాత్మకు వదిలిన అమానత్. అమ్ముకోరాదు, పారవేయరాదు.

చివరగా ఇంటిపని

ఈ సంచిక మూసే ముందు ఒక కాగితం తీసుకోండి. ఇంట్లో 17 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరి పేరు రాయండి. ఎదురుగా "జాబితాలో ఉంది", "లేదు", "తప్పుంది" అని మూడు గడులు గీయండి. ఈ వారంలోనే జాబితా చూసి నింపండి. తరువాత పక్కింటి ఒంటరి ముసలమ్మ పేరు కూడా చూడండి. ఆవిడ కార్డు పట్టుకుని ఎండలో నడిచి వెళ్లాక మేము "లేదమ్మా" అనవలసిన అవసరం రాకూడదు.